నల్ల అక్రోటు నీడ, కొబ్బరి నీడ

కోనసీమలో కొబ్బరితోట ఎరగనివారు ఉండరు. అంబాజీపేట వైపు ఏ తోటలోకి వెళ్ళినా కొబ్బరి కింద అరటి, కోకో, వాటి నడుమ కంద, పసుపు కనిపిస్తాయి. ఒకే నేల ఇన్నింటిని పోషిస్తుంది. అయితే చెట్లన్నీ ఇంత స్నేహంగా ఉంటాయా? ఉండవు. తన దగ్గర టమాటా మొక్కను బతకనివ్వని చెట్టుగా పేరుపడినది ఒకటి ఉంది. అదే నల్ల అక్రోటు.

ఏమిటీ చెట్టు?

దీని శాస్త్రీయ నామం జుగ్లాన్స్ నైగ్రా. ఉత్తర అమెరికా తూర్పు భాగం దీని పుట్టిల్లు. 30 మీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. మనం కిరాణా కొట్లో కొనే కాశ్మీరు అక్రోటు దీనికి దాయాది. మన కొబ్బరికాయలాగే దీని కాయకూ పైన డొక్క, లోపల గట్టి చిప్ప, దానిలో పప్పు ఉంటాయి. పప్పు తింటారు. డొక్కతో గోధుమరంగు అద్దకం చేస్తారు. చిప్పను పొడిచేసి లోహపు వస్తువులు శుభ్రం చేయడానికి వాడతారు. ముదురు రంగు కలపతో ఖరీదైన బల్లలు, కుర్చీలు, తుపాకీ మడమలు చేస్తారు.

విషం ఎక్కడిది?

ఈ చెట్టు వేళ్లలో, ఆకుల్లో, డొక్కలో హైడ్రోజుగ్లోన్ అనే పదార్థం ఉంటుంది. దానికి రంగూ లేదు, విషగుణమూ లేదు. గాలి తగిలితే ఆక్సీకరణం చెంది జుగ్లోన్‌గా మారుతుంది. పచ్చి డొక్క ఒలిచిన చేతులు నల్లబడేది ఇందువల్లనే. జుగ్లోన్ ఇతర మొక్కల శ్వాసక్రియను అడ్డుకుంటుంది. టమాటా, వంగ, బంగాళాదుంప వాడిపోతాయి. మొక్కజొన్న, చిక్కుడు తట్టుకుంటాయి.

ఒక మొక్క విడిచిన రసాయనం మరో మొక్కపై చూపే ఈ ప్రభావానికి 1937లో హాన్స్ మోలిష్ 'అల్లెలోపతి' అని పేరుపెట్టాడు. అయితే నేలలోని కొన్ని బాక్టీరియాలు జుగ్లోన్‌ను విడగొట్టేస్తాయి. కనుక నష్టమంతా విషం వల్లనే కాదనీ, నీడకూ నీటికోసం పోటీకీ అందులో వాటా ఉందనీ నేడు పలువురు శాస్త్రజ్ఞులు అంటున్నారు.

కొబ్బరి సంగతి

1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని కూలాయి. మా పెరట్లోనూ కూలాయి. తెల్లవారి చూస్తే పెళ్లగిలిన మొదళ్ల కింద తల్లివేరు లేదు. పెన్సిలంత లావు వేళ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. పాఠంలో చెప్పే పీచువేరు వ్యవస్థను అంత స్పష్టంగా నేను అంతకుముందు చూడలేదు.

ఈ వేళ్లలో ఎక్కువభాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. చెట్లను ఏడెనిమిది మీటర్ల ఎడంలో నాటుతారు కాబట్టి మధ్య నేల ఖాళీగా మిగులుతుంది. ఆకులన్నీ పైన ఒకేచోట ఉండడంతో వెలుతురూ కిందికి దిగుతుంది. కోకోకు కొంత నీడే కావాలి. ఇదీ మన తోటల రహస్యం. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి అయిదారేళ్లకు పైగా పడుతుంది. అంతకాలం రైతు ఇంట పొయ్యి వెలగాలంటే మధ్యలో ఏది వేయాలో తెలిసి ఉండాలి. ఏ చెట్టు పక్కన ఏది బతుకుతుందనేది పరీక్ష ప్రశ్న మాత్రమే కాదు.

చేసి చూడండి

గుప్పెడు జామాయిల్ ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో ఒకరోజు నానబెట్టి వడకట్టండి. కొబ్బరి ఆకుతోనూ అలాగే చేయండి. మూడు సాసర్లలో దూది పరచి ఒక్కొక్కదానిలో 20 పెసలు వేయండి. ఒకదానికి మంచినీళ్లు, రెండోదానికి జామాయిల్ నీళ్లు, మూడోదానికి కొబ్బరాకు నీళ్లు సమానంగా పోయండి. నాలుగు రోజుల తర్వాత మొలకలు లెక్కపెట్టి, వేరు పొడవు కొలవండి. ఈ నీళ్లు నోట పెట్టకండి, చేతులు కడుక్కోండి. ఫలితం మీరు అనుకున్నట్లు రాకపోయినా ఉన్నదున్నట్లు రాయండి.

ఆలోచించండి

1. మంచినీళ్ల సాసరు లేకపోతే ఈ ప్రయోగానికి విలువ ఉంటుందా?
2. సాసరులో మొలకను ఆపిన రసాయనం పొలంలోనూ ఆపుతుందని చెప్పగలమా? నేలలోని బాక్టీరియాను గుర్తుచేసుకుని జవాబు రాయండి.