తిరుప్పావైలో మేలుకొలుపు పాశురములు

ధనుర్మాసము ప్రవేశించగానే తిరుమల శ్రీవారి సన్నిధిలో సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై పఠనము జరుగుననుట యాత్రికులందరు ఎరిగిన విషయమే. ఆ నెలదినములును మన పల్లెలలోని రామాలయములందు, పట్టణములలోని వైష్ణవ గృహములందు తెల్లవారుజామున దీపము వెలిగించి, దినమునకొక పాశురము చొప్పున ముప్పది పాశురములను అనుసంధించుకొనుట పరిపాటి. అనుసంధించువారిలో అనేకులకు ఆ ద్రావిడ భాష రాదు. తెలుగు లిపిలో అచ్చైన పుస్తకమును చేతబట్టి, పెద్దలు నేర్పిన స్వరములో చెప్పుకొని, కట్టుపొంగలి ఆరగింపు చేసి తృప్తి నొందుచుందురు. అందు తప్పేమియు లేదు. అయితే అర్థము తెలిసికొన మొదలిడినవారినుండి ఒక ప్రశ్న తరచుగా వినబడుచుండును. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు గల పదింటిలోను జరుగుచున్న పని ఒక్కటియే గదా! తెల్లవారినది, లెమ్ము, రమ్మని పది ఇండ్ల ముంగిట పదిమార్లు పిలుచుట. ముప్పదింటిలో మూడవవంతు దీనికేల వెచ్చింపవలెను? భగవద్గుణములను చెప్పుకొనుటకు ఆ చోటు వినియోగపడి యుండెడిది కాదా?

ఇట్లు అడిగినవారిని నేను మెచ్చుకొందును. గ్రంథమును లెక్కపెట్టి చదివినవానికే గ్రంథకర్త హృదయము కొంత చిక్కును.

తెలుగువారికి గోదాదేవి పరాయి తల్లి కాదు. శ్రీవిల్లిపుత్తూరులో తులసివనమున విష్ణుచిత్తులకు లభించిన ఈమె కథనే 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రచించిరి. కళింగ దండయాత్ర నడుమ, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున, ఏకాదశి ఉపవాసమున్న రాత్రి ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి, శ్రీరంగమున జరిగిన తన పెండ్లిని తెలుగున చెప్పుమని కోరెనని ఆ గ్రంథపు అవతారికయే తెలుపుచున్నది. కావున ఈ ముప్పది పాశురములను అన్యభాషా గ్రంథమని ప్రక్కన బెట్టక, మన ఇంటి ఆడపడుచు మాటగా విందము.

మొదటి పాశురముననే ఆమె పిలుపు అందరిని ఉద్దేశించినది. రేపల్లెలోని కన్నెలలో రావలెనను కోరికయే అర్హతగా, వచ్చువారెవరైనను రండనుచున్నది. రెండవ పాశురమున వ్రతనియమములు చెప్పబడినవి. నెయ్యి, పాలు వర్జ్యము. కాటుక పెట్టరాదు, పూలు ముడువరాదు. వేకువనే స్నానము చేయవలెను, చేతనైనంత దానము చేయవలెను. వీటి నడుమనే ఒకరిపై మరియొకరికి చాడీలు మోయరాదను నియమమును చేర్చినది. నెయ్యి మానినవారిని నేను చాలమందిని చూచితిని. ఈ రెండవ దానిని నెలదినములు మానగలిగినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఇక మూడవ పాశురమున చెప్పిన వ్రతఫలమేమి? దేశమంతట నెలకు మూడు వానలు కురియుట, వరి ఏపుగా పెరుగుట, ఆవులు కుండలు నింపుట. వాన వ్రతము చేసినదాని చేనిపైననే కురియదు గదా! పొరుగువాని చేనిపైనను కురియును. వ్రతము ఆరంభము నుండియే ఊరందరి క్షేమమునకై ఏర్పడినది.

ఇట్టి వ్రతమునకు బయలుదేరిన కన్నెలు, కొందరింకను నిద్రలేవలేదని గమనించిరి. ఇప్పుడేమి చేయవలెను? లేచినవారు లేచినట్లు నందగోపుని భవనమునకు పోవచ్చును. స్వామి ఒక్కడే, దర్శనము ఎవరిది వారిదే. ఆలస్యమైనచో తమ పుణ్యమునకే లోపము. మన దేవాలయములలో వరుసలందు నిలిచినపుడు మనకు కలుగు తలంపులు ఇవియే గదా! కాని ఆ కన్నెలు వెనుకకు మరలిరి. ఎనిమిదవ పాశురములోని ఒక మాట నన్ను ప్రతి సంవత్సరము ఆశ్చర్యపరచుచుండును. తూర్పు తెల్లబారినది, గేదెలు మేతకు వెడలినవి. మిగిలిన పిల్లలు వెళ్ళుటకు సిద్ధముగానున్నారు. వారిని పోనీయక నిలిపి, నిన్ను పిలుచుటకై వచ్చి నిలిచితిమని చెప్పుచున్నారు. పోవువారిని ఆపుట సామాన్యమైన పని కాదు. ఒక్కతె రాలేదని అంతటి గోష్ఠి వీధిలో, మంచులో నిలిచిపోయినది. పండ్రెండవ పాశురమున ఆ మంచు మాటయే స్పష్టముగ వచ్చును. తలలపై మంచు కురియుచుండ, ఆ ఇంటి ద్వారబంధమును పట్టుకొని వేలాడుచు పిలుచుచున్నారు.

మొదటి సందేహమునకు సమాధానము ఇక్కడనే ఉన్నది. ఈ పది పాశురములలో భగవద్గుణములకు చోటు పోలేదు. ఆరవ దానియందు పూతన, శకటాసురుల సంహారము కలదు. ఎనిమిదవ దానియందు కేశిని చీల్చుట, మల్లులను మట్టుపెట్టుట కలవు. పండ్రెండవ దానియందు లంకాధిపతిని కూల్చిన శ్రీరాముడున్నాడు. పదునైదవ దానియందు కువలయాపీడమను ఏనుగును చంపిన కథ కలదు. స్వామి కథ ప్రతి పాశురమునను చెప్పబడినదే. కాని దానిని గర్భగృహమున గాక పొరుగింటి గడప కడ నిలిచి చెప్పినారు. శాస్త్రము వలన నిత్యజీవితమునకు ధైర్యమెట్లు కలుగునని అడుగువారికి ఆండాళ్ చూపిన పద్ధతి ఇది. పుస్తకమందలి కథను తీసికొనిపోయి, లేవలేక పడియున్నవాని గుమ్మమున నిలిచి చెప్పుట.

శ్రీమద్గీత పదవ అధ్యాయమున భగవానుడు తన భక్తుల నడవడిని వర్ణించుచు, వారు ఒకరికొకరు బోధించుకొనుచు, తన కథలు చెప్పుకొనుచు సంతోషింతురని పలికెను. అక్కడి బోధించుట అను క్రియకు మూలమైన బుధ్ ధాతువునకు తెలియుట, మేలుకొనుట అను రెండర్థములును కలవు. పాఠశాలలో బాలురకు ఈ ధాతువు చెప్పునపుడు ప్రబోధము, ఉపాధ్యాయుని బోధ రెండును ఒక్క కుటుంబమేయని చెప్పుచుందుము. ఒకరికి తెలియజెప్పుట యన్నను, ఒకరిని మేలుకొలుపుట యన్నను సంస్కృతమున దూరపు మాటలు కావు. గీతలో సూత్రప్రాయముగా నున్నది రేపల్లె వీధులలో పది గడపల కడ ఆచరణమైనది.

ఇక ఆ పిలుపు తీరును చూడుడు. నిద్రించువారందరు ఒక్కరీతి వారు కారు. ఆరవ పాశురములోనిది ఈ రసమునకు క్రొత్తది. ఏడవ దానిలోనిది అన్నియు తెలిసియు తెలియనట్లు పడుకొన్నది. తొమ్మిదవది మేనమామ కూతురు. మణిమాడములో చుట్టును దీపములు వెలుగుచుండ, ధూపము గుబాళించుచుండ హాయిగ శయనించినది. ఆమెను లేపుమని అత్తను బ్రతిమాలుచు, నీ కూతురు మూగదా, చెవిటిదా యని కూడ అడుగుచున్నారు. పదవదానిని కుంభకర్ణుడు తన నిద్రను నీకప్పగించి పోయెనా యని ఎత్తిపొడిచినారు. పదునాలుగవది మరియు చిత్రము. మిమ్ములను నేనే లేపెదనని నిన్న వాగ్దానము చేసినది ఆమెయే. ఇంటి పెరటి కొలనిలో ఎఱ్ఱకలువలు విచ్చినవి, నల్లకలువలు ముడిచినవి, ఆమె మాత్రము లేవలేదు.

ఈ మాటలను చూపి, తప్పిపోయినవారిని మందలించుటకు శాస్త్రము అనుమతించినదని కొందరు వాదింతురు. అనుమతించినది నిజమే. కాని మందలించినవారు ఎక్కడ నిలిచి మందలించిరో చూడవలెను. ఇంట కూర్చుండి, వాడు గుడికి రాడు, ఆమె పారాయణకు రాదు అని పదిమందిలో చెప్పుట రెండవ పాశురమున నిషేధించిన చాడీయే అగును. మంచున తడియుచు ఆమె గుమ్మమునకే పోయి, ఆమె వినునట్లు చెప్పినవారికి ఆ చనువు చెల్లును. అంతేకాక ఎత్తిపొడిచిన నోటితోనే వారు ఎట్టి సంబోధనలు చేసిరో గమనింపుడు. కుంభకర్ణుని నిద్ర అన్నచోటనే అరుదైన ఆభరణమా యనిరి. పిచ్చిపిల్లా యన్న పాశురముననే నాయకురాలా, తేజోవతీ యని పిలిచిరి. బంగారుతీగ, అడవినెమలి, చిలుక, ఇవి వారు నిద్రపోతులకు పెట్టిన పేర్లు. మనము మన ఇంటి పిల్లవానిని నిద్రలేపునపుడు వాడు మాటలలో ఏమి సంబోధన చెవినబెట్టుకొని లేచుచున్నాడో ఆలోచింపదగును.

గోదావరీ తీరమందలి ఒక గ్రామమున నేను కొన్నేండ్లు పాఠములు చెప్పితిని. అక్కడ ఒక గృహస్థు ధర్మపత్ని గతించినది మొదలు గోష్ఠికి వచ్చుట మానివేసెను. మైల దినములు గడచినవి, నెలలు గడచినవి, ఆయన తలుపు తెరువలేదు. దుఃఖము తీరినపుడు ఆయనే వచ్చునని మేమందరమును ఊరకుంటిమి. అది మర్యాదయని అనుకొంటిమి. ఆ వీధిలోనే యున్న ఒక వృద్ధురాలు మాత్రము ధనుర్మాసమున ప్రతి వేకువ గుడికి పోవుచు ఆయన అరుగు కడ ఆగి, అన్నయ్యగారూ, ఈ దినము ఫలానా పాశురమండీ అని ఒక్క మాట చెప్పి, సమాధానమునకై కొంచెము సేపు నిలిచి, సాగిపోవుచుండెడిది. లోపలినుండి పలుకు లేదు. ముప్పది దినములును అంతియే. భోగినాడు గోదాకల్యాణమునకును ఆయన రాలేదు. ఆమె శ్రమ వృథాయైనదని కొందరనిరి. పండుగలన్నియు వెళ్ళిపోయిన పిమ్మట, రథసప్తమినాడు, ఎవరును పిలువకయే ఆయన వచ్చి గోష్ఠిలో చివర కూర్చుండెను. ఆమె ఆయనను ఏమియు అడుగలేదు, కొంచెము జరిగి చాప చూపినది.

పదునైదవ పాశురమును పెద్దలు తిరుప్పావైలో తిరుప్పావై అని కొనియాడుదురు. మునుపటి తొమ్మిదింటిలో బయటివారి మాటలే వినబడును. ఇందు లోపలి కన్నె కూడ పలుకును. అంత కీచుగా పిలువకుడు, వచ్చుచున్నాననుచున్నది. నీ మాటల నేర్పు మాకు చాలకాలముగా తెలియునని బయటివారు దెప్పిరి. మీరే నేర్పరులని ఆమె మొదట బదులు చెప్పి, వెంటనే ఆ దోషము తనదే కానిమ్మని ఒప్పుకొన్నది. చేయని తప్పునైనను భాగవతులు మోపినచో నాదేయని స్వీకరించుట వైష్ణవ లక్షణమని వ్యాఖ్యాతలు ఈ చోట విస్తరింతురు. కుటుంబములలో సగము తగవులు ఈ ఒక్క మాట ఇరువురిలో ఎవరును అననందుననే నిలిచియున్నవి. అయితే ఇది పైవాడు క్రిందివానిచే బలవంతముగా అనిపించుకొనుటకు చెప్పిన మాట కాదు. లోపలనున్న కన్నె తానుగా అన్నది.

తరువాత ఆమె అడిగిన ప్రశ్న, అందరును వచ్చిరా? దానికి వారు, వచ్చిరి, నీవే వచ్చి లెక్కించుకొనుమనిరి. లెక్కింపవలెనన్నచో ఒక్కొక్కరి ముఖము చూడవలెను, తాకవలెను. ఆ దర్శనస్పర్శనముల భాగ్యమును ఆమెకిచ్చుటకే అట్లనిరని పెద్దలు వివరింతురు. గుంపులో గోవిందా యని లోకులు పరిహాసము చేయుట కలదు. పేరు లేని గుంపునకు అది తగునేమో. తలలు లెక్కపెట్టి, లేనిదాని కొరకు ఆగిన ఈ గుంపునకు తగదు.

దూరదేశములందున్న మన పిల్లలు ఇప్పుడు చేతిఫోనులోనే పాశురములు వినుచున్నారు. మోకాళ్ళ నొప్పులతో మంచము దిగలేని అమ్మమ్మలకు అదే ఫోను ద్వారా వేకువ పాశురము వినిపించు మనుమలను కూడ నేనెరుగుదును. ద్వారబంధము మారినది గాని పని అదియే.

రెండవ పాశురమున మానివేసిన నెయ్యి ఇరువదియేడవ పాశురమున తిరిగి వచ్చును. కూడారై యని మనము చేసికొను ఆ దినమున పాలలో వండిన అన్నము మునుగునట్లు నెయ్యి పోసి, అది మోచేతి వెంబడి కారుచుండ, అందరును కలసి కూర్చుండి చల్లగా ఉందమని ఆ కన్నెలు కోరుకొనిరి. కుంభకర్ణుని నిద్రపోయినదియు, మాట తప్పినదియు ఆ పంక్తిలోనే ఉన్నారు. ఈ ఏడు మీ ఇండ్లలో కూడారై ఆరగింపు జరిగిన పిదప, ఆ నెల గోష్ఠికి రాలేకపోయిన వారి పాలు ముందుగా విడిగా తీసియుంచి, వేడి చల్లారకముందే పిల్లలచే పంపించుడు. గిన్నె తిరిగి తెచ్చుకొనుటకు మరునాడు మీరే వెళ్ళుడు.