వెబ్‌సైటుకు రద్దీ ఎందుకు పెరిగింది? కారణం కనిపెట్టే విధానం

వెబ్‌సైటు అనేది గాలిలో ఉండదు. ఎక్కడో ఒక గదిలో రాత్రింబవళ్లు నడిచే కంప్యూటరులో ఉంటుంది. దానిని సర్వరు అంటారు. మనం ఫోనులో గానీ నెట్ సెంటరులో గానీ ఒక పేజీ అడిగితే సర్వరు దానిని తీసి పంపుతుంది. ఇలా అడగడాన్ని రిక్వెస్టు అంటారు. రోజుకు రెండు వేల రిక్వెస్టులు వచ్చే వెబ్‌సైటుకు ఒకనాడు రెండు లక్షలు వచ్చాయనుకుందాం. మన సైటుకు మంచి పేరు వచ్చిందని దాని యజమాని సంతోషిస్తాడు. ఎవరో దాడి చేస్తున్నారని సర్వరు చూసుకునే ఉద్యోగి కంగారు పడతాడు. ఇద్దరికీ తెలిసింది మాత్రం ఒక్కటే, అంకె పెరిగిందని. ఎందుకు పెరిగిందో ఆ అంకె చెప్పదు.

మన హాస్టళ్లలో చదివి కంప్యూటరు కొలువుల్లో చేరినవారు చాలామంది ఉన్నారు. ఇప్పుడు ఇంటర్, పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముళ్లలోనూ కొందరు రేపు ఇలాంటి సర్వరు ముందు కూర్చుంటారు. అంతేకాదు, ఫలితాల రోజున, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరి రోజున ఆ సర్వరుకు అవతలి వైపు నిలబడేది కూడా మనమే. కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ తెలిసి ఉండాలి.

ఒక పువ్వు కథ

2021 ఫిబ్రవరిలో వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ ఇంజనీర్లు ఒక వింత గమనించారు. సింగపూర్‌లో ఉన్న వారి సర్వర్ల కేంద్రానికి బొమ్మలు మొదలైన వాటి కోసం వచ్చే రిక్వెస్టులలో దాదాపు ఐదో వంతు ఒకే ఒక్క ఫోటో కోసం వస్తున్నాయి. అది న్యూయార్క్ ఆస్టర్ అనే పువ్వు ఫోటో. చామంతి కుటుంబానికి చెందిన పువ్వు. ఆ ఒక్క ఫోటోను రోజుకు సుమారు 9 కోట్ల సార్లు అడుగుతున్నారు. అడిగేవారంతా భారతదేశం నుంచే.

ఇది దాడి కావచ్చునా? వారు వరుసగా ఆలోచించిన తీరు చూడండి. రిక్వెస్టులు ఒకటి రెండు చోట్ల నుంచి కాక, మన దేశంలోని రకరకాల ఇంటర్నెట్ కంపెనీల ద్వారా లెక్కలేనన్ని వేర్వేరు అడ్రసుల నుంచి వస్తున్నాయి. పగలు పెరిగి, మన దేశంలో జనం నిద్రపోయే వేళకు తగ్గుతున్నాయి. యంత్రానికి నిద్ర ఉండదు గనుక దీని వెనుక మనుషులు ఉన్నట్టే. అయితే ఆ మనుషులు పువ్వును చూడడానికి వస్తున్నారా? అలా అయితే పువ్వు గురించి రాసిన పేజీని కూడా అడగాలి. వీరు పేజీ జోలికి పోకుండా నేరుగా ఫోటోను మాత్రమే అడుగుతున్నారు. మనుషుల చేతుల్లోనే ఉండి, వారికి తెలియకుండా ఈ పని చేసేది ఏమై ఉంటుంది? మొబైల్ యాప్ అయి ఉంటుందని వారు ఊహించారు.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. పాత లెక్కలు తిరగేస్తే ఆ ఫోటోకు రద్దీ 2020 జూన్‌లో మొదలైనట్టు తేలింది. టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది కూడా ఆ నెలలోనే, 29వ తేదీన. ఆ రోజుల్లో జనం టిక్‌టాక్ బదులు వేరే యాప్‌ల కోసం ఎగబడ్డారు. ఇంకేముంది, కారణం దొరికిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ రద్దీ పెరగడం నిషేధానికి ముందే మొదలైంది. తర్వాత వచ్చినది ముందు జరిగిన దానికి కారణం కాలేదు. మహా అయితే తర్వాతి పెరుగుదలకు తోడై ఉండవచ్చు. రెండు సంఘటనలు ఒకే నెలలో జరిగినంత మాత్రాన ఒకదానికి ఒకటి ముడిపెట్టకూడదు.

చివరకు ఆ యాప్ దొరికింది. వికీమీడియా వారు దాని పేరు బయటపెట్టలేదు. వాడేవారి ఫోనులోకి ఆ ఫోటో దిగేది గానీ, తెర మీద మాత్రం కనిపించేది కాదు. అంటే రోజుకు కోట్ల సార్లు ఒక పువ్వును తెప్పించుకున్నవారిలో ఎవరూ ఆ పువ్వును చూడనే లేదు!

సర్వరు డైరీ

ఇలా కనిపెట్టడానికి ఆధారం లాగ్ ఫైలు. మన వాచ్‌మన్ దగ్గర ఉండే రాకపోకల రిజిస్టరు లాంటిదే ఇది. ప్రతి రిక్వెస్టుకూ ఒక వరుస రాసి ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చింది (ఐపీ అడ్రసు), ఎప్పుడు, ఏ పేజీ అడిగింది, సర్వరు ఏమని జవాబిచ్చింది, ఏ లింకు నొక్కి వచ్చింది, తానెవరినని చెప్పుకుంది, ఇవి అందులో ఉంటాయి. జవాబు అంకెల్లో ఉంటుంది. 200 అంటే ఇచ్చాను, 404 అంటే అలాంటి పేజీ లేదు, 500 అంటే నాలోనే ఏదో చెడింది అని అర్థం. చివరిదైన 'తానెవరు' అనే దానిని పూర్తిగా నమ్మకూడదు. గూగుల్ వారి యంత్రాన్నని ఎవరైనా రాసుకోవచ్చు, రిజిస్టరులో దొంగ పేరు రాసినట్టు. వేళ విషయంలోనూ జాగ్రత్త అవసరం. చాలా సర్వర్లు గ్రీనిచ్ కాలం రాస్తాయి. మన కాలం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. లాగ్‌లో తెల్లవారుజామున ఐదున్నర అని ఉంటే మనకు పగలు పదకొండు గంటలు. ఇది మరచిపోతే, అందరూ నిద్రపోయే వేళ ఇంత రద్దీ ఏమిటని అనవసరంగా భయపడతాం.

అన్నిటికంటే ముందు, పెరిగింది ఏమిటో తేల్చుకోవాలి. ఒక పేజీలో 20 బొమ్మలుంటే దానిని ఒక్కరు తెరిచినా 21 రిక్వెస్టులు పడతాయి. కళాశాల వెబ్‌సైటు మొదటి పేజీలో వార్షికోత్సవం ఫోటోలు మరో 42 పెట్టారనుకోండి, అదే మనిషికి 63 అవుతాయి. కొత్తగా ఒక్కరు కూడా రాకుండానే రద్దీ మూడు రెట్లయింది! అందుకే రిక్వెస్టులను, మనుషులను వేర్వేరుగా లెక్కపెట్టాలి.

ఫలితాల రోజు

ఇప్పుడు ఒక ఉదాహరణ లెక్క చేద్దాం. పదవ తరగతి ఫలితాలు పగలు 11 గంటలకు విడుదలయ్యాయి. 11 నుంచి 12 లోపల ఒకే ఐపీ అడ్రసు నుంచి 9,000 రిక్వెస్టులు వచ్చాయి. గంటకు 3,600 సెకన్లు కాబట్టి సెకనుకు రెండున్నర. ఒక మనిషి ఇంత వేగంగా అడగలేడు, యంత్రమే, ఆపేద్దాం అనిపిస్తుంది.

ఆపేముందు ఆలోచించాలి. ఒక హాస్టలుకు ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కటే ఉంటే, లోపల వంద మంది చూసినా బయటికి కనబడే అడ్రసు ఒక్కటే. నెట్ సెంటరుకూ అంతే. మొబైల్ కంపెనీలైతే వేలాది ఫోన్లను కొద్దిపాటి అడ్రసుల వెనుక పెడతాయి. సొంత కనెక్షన్ ఉన్న ఇంటి పిల్లవాడు విడిగా కనిపిస్తాడు. మండల కేంద్రంలో నెట్ సెంటరు ముందు వరుసలో నిలబడిన వంద మంది ఒకే మనిషిలా కనిపిస్తారు. అడ్రసును బట్టి ఆపితే దెబ్బ తగిలేది ఎవరికో వేరే చెప్పనక్కర లేదు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? అడిగిన హాల్‌టికెట్ నంబర్లు చూడాలి. నంబర్లు చెల్లాచెదురుగా ఉండి, మధ్య వ్యవధి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువగా ఉంటే మనుషులు. 1, 2, 3 అని క్రమం తప్పకుండా, సరిగ్గా ఒకే వ్యవధితో నిమిషానికి 150 నంబర్లు నడుస్తుంటే ఎవరో ప్రోగ్రాం రాసి అందరి మార్కులూ దింపుకుంటున్నట్టు. వరుస నంబర్లన్నీ యంత్రాలవే అనుకోవడానికీ లేదు. వార్డెన్ గారు గానీ హెడ్మాస్టరు గారు గానీ తమ పిల్లల ఫలితాలు వరుసగానే చూస్తారు గదా! అయితే వారు ఒక్కొక్కటి చూసి కాగితం మీద రాసుకుంటారు. మధ్యలో అర నిమిషమైనా పడుతుంది. ఒక నంబరు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగుతారు.

జవాబుల అంకెలు కూడా చూడాలి. లేని పేజీలను వరుసగా అడుగుతూ 404లు గుట్టగా పడితే ఎవరో తాళం వేయని తలుపు కోసం వెతుకుతున్నారు. 500లు ఎక్కువగా ఉంటే తప్పు సర్వరుదే. పేజీ రాకపోతే మనం ఊరుకోం, మళ్లీ మళ్లీ నొక్కుతాం. వెయ్యి మంది పదేసిసార్లు నొక్కితే పదివేలు. అప్పుడు రద్దీ వల్ల సర్వరు మొరాయించిందా, సర్వరు మొరాయించడం వల్ల రద్దీ పెరిగిందా అనే ప్రశ్న వస్తుంది. 500లు మొదలైన నిమిషాన్ని, రద్దీ పెరిగిన నిమిషాన్ని పక్కపక్కన రాసుకుంటే ఏది ముందో తెలిసిపోతుంది.

మనుషులను యంత్రాలనుకోవడం పెద్ద పెద్దవారికీ జరిగింది. 2009 జూన్ 25న గాయకుడు మైకేల్ జాక్సన్ మరణించినప్పుడు లోకమంతా ఒక్కసారిగా అతని పేరు వెతికింది. ఆ తాకిడిని గూగుల్ న్యూస్ యంత్రాల దాడిగా పొరబడింది. దాదాపు 25 నిమిషాల పాటు కొందరికి వార్తలకు బదులు క్షమాపణ పేజీ కనిపించింది. దుఃఖంతో వెతికేవారిని వైరస్ అనుకుంది!

ఆపితే పెరిగిన రద్దీ

దీనికి పూర్తిగా తిరగబడిన సంఘటన అమెరికాలో జరిగింది. ఇది వెబ్‌సైటు కాదు, గడియారాలకు సరైన సమయం చెప్పే సర్వరు. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయానిది. 2003 మేలో దానికి సెకనుకు వేల సంఖ్యలో రిక్వెస్టులు రాసాగాయి. దాడి అనుకుని జవాబులు పోకుండా అడ్డుకట్ట వేశారు. కొద్ది గంటల్లో తగ్గాల్సింది, జూన్ నాటికి సెకనుకు రెండున్నర లక్షలకు పెరిగింది.

అడ్రసులు వేర్వేరు అయినా చాలా రిక్వెస్టులు ఒకే పోర్టు నంబరు నుంచి, 23457 నుంచి బయలుదేరుతున్నాయని అక్కడి ఇంజనీర్లు గమనించారు. అంటే ఇవన్నీ ఒకే మూసలో పోసిన పరికరాలు. వాటిని వాడుతున్న సంస్థలకు ఉత్తరాలు రాసి విచారిస్తే, అవి నెట్‌గేర్ కంపెనీ ఇళ్లకు అమ్మిన చిన్న రౌటర్లని బయటపడింది. తయారీలోనే వాటిలో ఈ విశ్వవిద్యాలయం సర్వరు అడ్రసు రాసేశారు. అలాంటివి ఏడు లక్షలకు పైగా తయారయ్యాయి. పైగా జవాబు రాకపోతే ప్రతి సెకనుకూ మళ్లీ అడగమని వాటికి నేర్పారు. జవాబు ఇస్తే ఊరుకునేవి, అడ్డుకుంటే సెకనుకోసారి తలుపు తట్టాయి. దాడి అనుకుని చేసిన వైద్యమే రోగాన్ని పెంచింది. ఆ కంపెనీ తర్వాత రౌటర్లకు సవరించిన ప్రోగ్రాం ఇచ్చింది, విశ్వవిద్యాలయానికి 3,75,000 డాలర్లు చెల్లించింది.

కారణం తెలిసేవరకు సర్వరును పడిపోనీయకుండా చూడడానికి మార్గాలు ఉన్నాయి. ఫలితాల పేజీలో బొమ్మలు, ప్రకటనలు తీసేసి అంకెలు మాత్రమే ఉంచవచ్చు. గంటకు ఇన్నిసార్లే అనే పరిమితిని ఐపీ అడ్రసుకు కాక హాల్‌టికెట్ నంబరుకు పెట్టవచ్చు. అప్పుడు ఒకే కనెక్షన్ మీద ఉన్న వంద మందీ చూసుకోగలరు. నంబర్లు మార్చుకుంటూ పోయే యంత్రానికి ఈ పరిమితి తగలదు గనుక, దానిని నంబర్ల వరుసను, వ్యవధిని చూసి విడిగా పట్టుకోవాలి. ఇక లాగ్ ఫైలును చెరిపివేయకుండా ఒక నకలు తీసి దాచుకోవాలి. చోటు చాలడం లేదని రద్దీ రోజునే కొందరు దానిని తుడిచేస్తారు, మర్నాడు వెతకడానికి ఏమీ మిగలదు.