కంకరబాటపై సైకిలు దూరయాత్ర – సన్నాహ క్రమం

సైకిలు తొక్కడం అందరికీ తెలిసిన విద్యే. కాని తారురోడ్డు విడిచి, కంకర, మొరం పరచిన బాటమీద 75 కిలోమీటర్లు సాగడం వేరొక విద్య. దానికి బలం కంటె సన్నాహం ముఖ్యం. ఈ సత్యాన్ని మేము ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాం. విద్యార్థుల ప్రయోజనార్థం దానిని ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాం.

మొదట కాలాన్ని గురించి ఆలోచించాలి. శీతలదేశాలలో వసంతారంభ యాత్రికుడు చలికి, బురదకు సిద్ధపడతాడు. మనం ఎండకు సిద్ధపడాలి. రాయలసీమలో మార్చి మాసాంతానికే పగటి ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటడం అరుదు కాదు. మొరంబాటపై గంటకు 15 కిలోమీటర్ల వేగం లెక్కవేసుకుంటే 75 కిలోమీటర్లకు 5 గంటలు, విశ్రాంతికి మరొక గంట పడుతుంది. ఉదయం 5 గంటలకు బయలుదేరినవారు 11 గంటలకు గమ్యం చేరతారు. 7 గంటలకు బయలుదేరినవారు మిట్టమధ్యాహ్నపు ఎండలో చిక్కుకుంటారు. చీకటిలో బయలుదేరాలి కనుక ముందు దీపం, వెనుక ఎర్రదీపం తప్పనిసరి.

రెండవది వాహనం. కంకరబాటల కోసమే తయారైన గ్రావెల్ సైకిళ్ళు నేడు ప్రసిద్ధికెక్కాయి. వాటి టైరు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. మన పాలవారు తరతరాలుగా తొక్కుతున్న నల్లసైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం, అనగా 38 మిల్లీమీటర్లు! కనుక ఖరీదైన సైకిలు లేదని ఎవరూ వెనుకాడనవసరం లేదు. గాలి మరీ బిగువుగా ఉంటే చక్రం రాళ్ళమీద ఎగిరి జారుతుంది. మరీ తక్కువైతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి చిల్లుపడుతుంది. అదనపు ట్యూబు, పంపు, అతుకులు, పానాలు వెంట ఉండాలి. పంక్చరు వేయడం ఇంటి వద్దనే రెండుసార్లు అభ్యసించాలి.

మూడవది శరీరం. వారానికి ఒక దీర్ఘాభ్యాసం చాలు. మొదటి వారం 30, తరువాత వరుసగా 40, 50, 60 కిలోమీటర్లు తొక్కాలి. అయిదవ వారం 25 కిలోమీటర్లతో సరిపెట్టి కండరాలకు విశ్రాంతినివ్వాలి. చివరి వారంలో అధికంగా తొక్కితే బలం పెరగదు, అలసట మిగులుతుంది.

నాలుగవది నీరు, ఆహారం. గంటకు అరలీటరుకు తగ్గకుండా, దాహం వేయకముందే కొద్దికొద్దిగా తాగాలి. లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపిన ద్రావణం చెమటలో పోయిన లవణాన్ని తిరిగి ఇస్తుంది. అరటిపండ్లు, ఖర్జూరాలు తేలికగా జీర్ణమవుతాయి.

ఇక మా పొరపాటు సంగతి. 2025లో ఉగాది మార్చి 30న, ఈదుల్ ఫితర్ మరునాడు వచ్చాయి. రెండు పండుగలు ముగిశాక యాత్ర జరపాలని నిశ్చయించాం. కాని అభ్యాసవారాలన్నీ రంజాన్ మాసంలో పడ్డాయని మేము ఆలోచించలేదు. ఒకనాటి ఉదయం 28వ కిలోమీటరు వద్ద ఒక విద్యార్థి కళ్ళు తిరిగి సైకిలుమీది నుండి ఒరిగిపోయాడు. అతడు రోజా ఉన్నాడు. ఆ మాట చెబితే యాత్రనుండి తప్పిస్తామేమోనన్న భయంతో దాచాడు. నీరు ఇస్తే తల అడ్డంగా ఊపాడు. రోగికి, బాటసారికి ఉపవాసం సడలించి, తరువాత పూర్తిచేసుకునే అవకాశాన్ని ధర్మమే ఇచ్చిందని నచ్చజెప్పి తాగించాం. సాయంత్రానికి అతడు కోలుకున్నాడు. కాని ఆ తప్పు అతనిది కాదు, మాది. పరీక్షల పట్టిక చూసి తేదీలు వేసిన మేము నెలవంకను చూడలేదు.

చాంద్రమాన సంవత్సరం 354 రోజులది కనుక రంజాన్ ప్రతి సంవత్సరం పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. వసంతారంభ అభ్యాసమూ ఉపవాసమూ కలిసిన సంవత్సరాలలో మేము ఈ నియమాలు పెట్టుకున్నాం. రోజా ఉన్నవారు ఇఫ్తార్ తరువాత కొంత విరామమిచ్చి, దీపాలు వెలిగే వీథులలో అరగంటకు మించకుండా తేలికగా తొక్కాలి. అలవాటు నిలుపుకోవడానికి అది చాలు. దీర్ఘాభ్యాసం ఈద్ తరువాతే మొదలవుతుంది. అందుకు అయిదు వారాలు చాలకపోతే దూరాన్ని తగ్గిస్తాం, ఎండ ముదిరితే యాత్రను శీతకాలానికి మారుస్తాం. బయలుదేరే ముందు ఎవరి ఆరోగ్యం ఎలా ఉన్నదో, ఎవరు ఉపవాసమున్నారో అడిగి తెలుసుకుంటాం. నిజం చెప్పినవారి స్థానం ఎన్నటికీ పోదని ముందుగానే హామీ ఇస్తున్నాం.

కళాశాల సంఘంవారు వెంట నడిచే ఒక వాహనాన్ని, ప్రథమచికిత్స పెట్టెను సమకూర్చగలిగితే ఈ సన్నాహం సంపూర్ణమవుతుంది. యాత్రలో అందరికంటె ముందు చేరినవాడు గొప్పవాడని మేము భావించడం లేదు. బయలుదేరిన అందరూ క్షేమంగా తిరిగి వచ్చినప్పుడే ఆ యాత్ర సఫలమైనట్లు.