కంటికి తగిన అక్షరము

హైదరాబాదునుండి శంషాబాదునకు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. దారిపలకను చదువుటకు మనకు చిక్కునది కొద్ది క్షణములే. 2008లో ప్రారంభమైన అచ్చటి విమానాశ్రయమున, ఎటు పోవలెనో తెలియక పలకలవైపు చూచు వృద్ధురాలికిని అట్టి తొందరయే. అక్షరము ఆనకున్నచో ఆమెకు విమానము అందదు.

మన లిపికి ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. తలకట్టును గుడియు పైన నుండును; వత్తు క్రింద నుండును. 'ద'కును 'ధ'కును భేదము అడుగున నున్న చిన్న గీటే. గీతలు మిక్కిలి లావైనచో ఆ గీటు కలిసిపోవును. 'ధార' కాస్త 'దార'యగును.

దారిపలకకు పెద్ద అక్షరము కావలెను. పుస్తకమును గంటలకొలది చదువుదుము గనుక, పై పంక్తిలోని వత్తులు క్రింది పంక్తిలోని గుడులను తాకకుండునట్లు ఎడము విడువవలెను. కంప్యూటరు తెరమీద అక్షరము సన్నని చుక్కల కూర్పు. చుక్కలు చాలనిచో వత్తులు ముద్దయగును.

1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతి ప్రతి తెలుగు అక్షరమునకు ఒక సంఖ్య నేర్పరచినది. అందుచేత వ్రాసినదానిని మార్చకయే అక్షరరూపమును, అనగా ఫాంటును, మార్చుకొనవచ్చును. పోతన, మండలి మొదలగు ఫాంటులు ఉచితముగా లభించును.

బాలలారా! పాఠశాల పత్రికకు ఫాంటు నెన్నుకొనునపుడు 'ధ్వని, ఢంకా, స్వాతంత్ర్యము' అను మాటలను చిన్న అక్షరములతో అచ్చొత్తి, మీ తాతగారికి చూపుడు. ఆయన తడుముకొనక చదివినచో ఆ ఫాంటు మంచిది. ఎంత అందమైనదైనను, ఆయనను తికమకపెట్టినచో దానిని విడిచిపెట్టుడు.