వైఫై పెట్టె లెక్కలు: వానిని చదువు విధము

గ్రామ పంచాయతీ కార్యాలయమున ఒక సాయంకాలము. కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు పంపుటకు ఆనాడే తుది గడువు. వరండా చివర కూర్చున్న విద్యార్థిని ఫోనులో చక్రము తిరుగుచునే యున్నది గాని దరఖాస్తు పోవుటలేదు. “లైను పాడైన”దని ఒకరు, “పెట్టె ఆర్పి మరల వేయు”డని మరియొకరు చెప్పుదురు. ఇట్టి సందర్భములు పల్లెలలో అరుదు కావు. లోపమెచ్చట నున్నదో తెలిసికొను మార్గము ఆ పెట్టెలోనే యున్నది.

ఈ వైఫై పెట్టెను యాక్సెస్ పాయింట్ అందురు. తీగ ద్వారా వచ్చిన ఇంటర్నెట్టును రేడియో తరంగములతో చుట్టునున్న ఫోనులకు, కంప్యూటర్లకు అందించుట దాని పని. ఆ పని చేయుచునే అది లెక్కలు వ్రాసికొనుచుండును. బాధ్యతగల ఉద్యోగి పాస్‌వర్డుతో దాని నిర్వహణ పుటను తెరచినచో ఆ లెక్కలు కానవచ్చును. పెట్టెను బట్టి వివరములు కొంత మారినను, ముఖ్యముగా చూడదగినవి నాలుగు.

మొదటిది సంకేత బలము. ఫోను నుండి పెట్టెకు చేరు సంకేతమును డీబీఎంలలో, ఋణ సంఖ్యగా చూపుదురు. సున్నకు దగ్గరైన కొలది బలము హెచ్చు. –50 మిక్కిలి మంచిది. –67 వరకు సాధారణముగా చిక్కులేదు. –80 దాటినచో పని కుంటుపడును. పది అంకెలు దిగినచో శక్తి పదవవంతగును. కావున –60 కంటె –80 నూరవవంతు మాత్రమే.

రెండవది అనుసంధాన వేగము. ఇది ఫోనుకును పెట్టెకును నడుమ గాలిలోని వేగమే గాని ఇంటర్నెట్టు వేగము కాదు. ఈ భేదము నెరుగక పలువురు పొరబడుదురు.

మూడవది మరల పంపిన పొట్లముల సంఖ్య. సమాచారము చిన్న చిన్న పొట్లములుగా పోవును. అందినట్లు జవాబు రానిచో దానిని మరల పంపవలెను. దూరము, మందపు గోడలు, రేకులు, అదే ఛానెలులోని పొరుగు పెట్టె ఇందుకు కారణములు కావచ్చును. 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో ఒకదాని నొకటి తాకని ఛానెళ్ళుగా సాధారణముగా వాడునవి 1, 6, 11 అను మూడే.

నాలుగవది గాలి వినియోగము. ఒక ఛానెలులో వంతులవారీగా మాటలాడవలెను. కాలువ నీటి వంతులో ఒక రైతు మడి నెమ్మదిగా తడిసిన తక్కినవారు వేచియుండునట్లు, దూరమునున్న ఒక్క బలహీనపు ఫోను అందరి కాలమును హరించును.

ఇప్పుడు విద్యార్థిని సంగతి చూతము. ఆమె ఫోనుకు –82 ఉండి, లోపలి గదిలోనివారికి –55 ఉన్నచో, లోపము లైనులో లేదు. ఆమె పెట్టె చేరువకు వచ్చి కూర్చున్న చాలును. గాలి వినియోగము నూటికి 90 వంతులకు చేరియున్నచో, సినిమాలు దింపుకొనువారిని కొంతసేపు ఆగుమనవలెను. అందరికిని సంకేతము బాగుండి, మరల పంపినవి తక్కువై, గాలి ఖాళీగా నున్నను పని సాగనిచో, లోపము పెట్టెకు వెలుపల లైను వైపున నున్నదని భావింపవచ్చును. అప్పుడు ఆ అంకెలతోనే ఫిర్యాదు చేయవలెను.

ఒక హెచ్చరిక. పెట్టెను ఆర్పి వేసినచో అనేక రకములలో పాత లెక్కలు చెరిగిపోవును. కావున ముందు అంకెలు వ్రాసికొని, పిదప ఆర్పుట మేలు. ఒక్కనాటి లెక్క చాలదు. వారము దినములు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఒక నోటుపుస్తకమున వ్రాసినచో, రద్దీ ఏ వేళ వచ్చుచున్నదో, పెట్టెను ఎచ్చటికి మార్చవలెనో తేలును.

మరియొక సంగతి. ఈ పట్టికలో ఏ ఫోను ఏ వేళ అచ్చట నున్నదో తెలియును. అది నమ్మి అప్పగించిన సమాచారము, ఇతరులకు చూపదగదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 మొదలు ఫోనులు అసలు చిరునామాకు బదులు మారు చిరునామా చూపుచున్నవి. కావున ఫోనుల సంఖ్యయే మనుష్యుల సంఖ్య యని తలపరాదు.

పంచాయతీకొక నోటుపుస్తకము, రోజునకు పది నిమిషములు. ఇంతకు మించిన వ్యయము లేదు. గడువు దినమున మన బిడ్డల దరఖాస్తులు నిలిచిపోకుండుటకు ఈ అలవాటు నేడే ప్రారంభింపదగినది.