బడి ముందు స్పీడ్ బ్రేకర్: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా కాలనీ బడి ముందు కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్ దగ్గర రాత్రిళ్లు బండ్ల మీద నుంచి పడిపోతున్నారు. మున్సిపాలిటీలో చెప్తే ‘చూస్తాం’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెలంగాణ

జవాబు: ముందు టేపు పట్టి కొలవండమ్మా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మన వీధుల్లో చాలాచోట్ల కనిపించేవి జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు సిమెంటు గట్లు. ఆటోలో నెలలు నిండిన మనిషి ఉంటే ఆ కుదుపుకి ప్రాణం పోయినంత పనవుతుంది. పైన తెల్ల చారలు, ముందే హెచ్చరిక బోర్డు ఉన్నాయేమో కూడా చూడండి. అవి లేకపోతే చీకట్లో గట్టు కనపడదు.

కొలతలు, ఫొటోలు జతచేసి కమిషనర్‌కు అర్జీ పెట్టి, రసీదు తప్పక తీసుకోండి. నోటిమాటకు ఫైలు పుట్టదు. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి: అనుమతి ఎవరిచ్చారు, ఏ కొలతలతో వేశారు, బిల్లెంత? 30 రోజుల్లో జవాబివ్వాలి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు వేయమంది, వాటిలో మహిళలది ఒకటి. మీ వార్డు మహిళా కమిటీ సభ్యులను వెంటబెట్టుకుని వెళ్లండి. పూర్తిగా తవ్వేయమని మాత్రం అడగొద్దు, పిల్లలు రోడ్డు దాటే చోటది.