ఇంగ్లీషు క్రియకు కాలాలు పన్నెండా, రెండా?



సెలవుల ముందు రోజు ఒక పెద్దాయన "ఇంటికి ఎప్పుడు వెళ్తావు?" అని నన్ను ఇంగ్లీషులో అడిగారు. "ఐ యామ్ గోయింగ్ టుమారో" అన్నాను. "రేపు అంటే భవిష్యత్ కాలం గదా, విల్ ఏదీ?" అని పక్కవాళ్లు నవ్వారు. ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు. కానీ నేను చెప్పింది తప్పు కాదు! ఎందుకో చూద్దాం.

తెలుగులో గడిచే సమయాన్నీ "కాలం" అంటాం, క్రియ రూపాన్నీ "కాలం" అంటాం. ఇంగ్లీషులో మొదటిది టైమ్, రెండోది టెన్స్. చిక్కంతా ఇక్కడే ఉంది.

మన మాటే చూడండి. "రోజూ వస్తాను", "రేపు వస్తాను" - రెండింటికీ రూపం ఒక్కటే. అమ్మ పిలిస్తే ఇంకా కదలకుండానే "ఇదిగో వచ్చేశా" అంటాం. రూపం భూతకాలం, పని మాత్రం ఇంకా జరగలేదు!

ఇంగ్లీషూ అంతే. శంషాబాద్ బస్సు రేపు ఆరింటికి ఉంటే "ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో" అనవచ్చు.

భాషాశాస్త్రజ్ఞులు క్రియను మూడు విధాలుగా చూస్తారు.

1. టెన్స్: క్రియ రూపమే మారడం. గో - వెంట్, వాక్ - వాక్డ్. ఇలా చూస్తే టెన్సులు రెండే అని చాలామంది అంటారు.

2. ఆస్పెక్ట్: పని తీరు. "ఈజ్ గోయింగ్" అంటే సాగుతోంది. "హాజ్ గాన్" అంటే వెళ్లాడు, ఇప్పుడు ఇక్కడ లేడు.

3. మోడాలిటీ: చెప్పేవారి ఊహ, నమ్మకం, ఆజ్ఞ. మే, మస్ట్, విల్ ఇందులోవే. తలుపు చప్పుడైతే "దట్ విల్ బి ద పోస్ట్‌మ్యాన్" అంటారు. అది రేపటి మాట కాదు, ఇప్పటి ఊహ.

మరి పన్నెండు ఎక్కడివి? మూడు కాలాలను నాలుగు తీరులతో కలిపితే వచ్చిన పట్టిక అది. పరీక్షకు అది నేర్చుకోవలసిందే. కానీ మాట్లాడేటప్పుడు పట్టిక వెతుక్కుంటూ నిలబడిపోవద్దు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు గిరిజనులు మాట్లాడే కొండ భాషకు వ్యాకరణం రాశారు. అది 1969లో అచ్చయింది. అంటే తండా మాటకైనా, గూడెం మాటకైనా వ్యాకరణం ఉంటుంది. మనకది పుట్టుకతోనే వచ్చు!

మీ ఇంటి భాషలో "రోజూ వస్తాను", "రేపు వస్తాను" ఎలా అంటారు? రూపం ఒకటేనా, వేరా? చీటీ రాసి ఈ పత్రిక కింద అంటించండి.

- పదవ తరగతి విద్యార్థి